ఇనుముకు పట్టిన పాచి

గెడ్డవానిపేటలో మగాళ్ళు చుట్ట కాలిస్తే నిప్పు కనిపిస్తుంది, ఆడవాళ్ళు కాలిస్తే కనిపించదు. వాళ్ళు నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా నేర్చుకున్నారని కొందరూ, అత్తల కంట పడకుండా నేర్చుకున్నారని కొందరూ చెబుతారు. ఏదైతేనేం, దానమ్మ కాపురానికొచ్చిన ఏడాదే మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ ఆమెకు చుట్టలు చుట్టిచ్చేది మొగుడు కూర్మయ్యే. చేపలు కోసిన చేతులతో ముట్టుకుంటే పొగాకు నీచుకంపు కొడుతుందని ఆమె ముట్టుకోదు. సాయంత్రం గంప దించి, కాళ్ళు కడుక్కుని గడప దగ్గర కూర్చునే వేళకి చుట్ట చేతికందాలి.

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా? "కూర్మయ్య సంద్రంలో ఏటకెల్తే పులి, ఇంటికొత్తే సుట్టలు సుట్టీ పిల్లి" అని ఎకసెక్కాలాడారు. ఆయనకు చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. పెళ్ళామంటే ప్రేమ అన్న మాట నలభై అయిదేళ్ళలో ఆయన నోట ఒక్కసారీ రాలేదు గానీ, చుట్టలు మాత్రం రోజుకు మూడు తప్పకుండా వచ్చేవి. ఆ లెక్కన ఊళ్ళో చాలామంది మగాళ్ళకంటే ఆయనే నయం.

దానమ్మ కుడి మోకాలు అరిగిపోయింది. నెత్తిన చేపల గంపతో, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ బస్సు రోడ్డు దాకా నడిచిన మోకాలు అరగక ఏమవుతుంది? చివరి రెండేళ్ళూ దొడ్డికి వెళ్ళాలన్నా గోడ పట్టుకునేది. వాళ్ళకు ఒక్కతే కూతురు తులసి. నరసన్నపేటలో బట్టలు కుడుతుంది. తల్లి అవస్థ చూడలేక, మిషను పక్కనపెట్టి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి, శ్రీకాకుళంలో మోకీలు మార్చే డాక్టరు యుగంధర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయనది విజయనగరం వైపు. చిన్న వయసే గానీ విసుగు తెలియని మనిషి. మోకాలు చూసి, ఫొటోలు చూసి, ఆఖర్న నోరు తెరవమన్నాడు.

"మోకాలు సూపిద్దుమని వొత్తే నోరు తెరమంటావేటి బాబూ?" అంది దానమ్మ.

పళ్ళు రెండు పుచ్చిపోయి ఉన్నాయి. అంగిలి తెల్లగా మందంగా, మధ్య మధ్య ఎర్రచుక్కలతో ఉంది. అది చూడగానే ఆయనకు అడ్డపొగ సంగతి అర్థమైపోయింది. పళ్ళు పీకించుకుని, పుండు మానాక రమ్మన్నాడు. "చుట్ట మానెయ్యాలమ్మా. పంట్లో చీము పడితే అందులో పురుగు రక్తంలో కలుస్తుంది. మన ఎముక మీదకొస్తే రక్తం దాన్ని తరిమికొడుతుంది. రేపు నేను పెట్టేది లోహం, దాంట్లో రక్తం పారదు. అక్కడ చేరిందంటే కాపురం పెట్టేస్తుంది. ఆపరేషన్ అయ్యాక కూడా అంతే. పన్ను సలిపినా, కురుపు లేచినా, జ్వరం వచ్చినా ఆ రోజే నా దగ్గరికి రావాలి."

బయటికొచ్చాక కూర్మయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. "బోడిగుండుకీ మోకాలికీ ముడెట్టడం ఇన్నాను గానీ, పంటికీ మోకాలికీ ముడెట్టినోడ్ని ఈయన్నే సూసినాను."

తులసి నవ్వలేదు. తండ్రి చెయ్యి పట్టి తన నెత్తిమీద పెట్టుకుంది. "అయ్యా, నువ్వు సుట్టి ఇత్తేనే గదా అమ్మ కాలస్తాది. ఇంక సుట్టనని ఒట్టెయ్యి."

కూర్మయ్య ఒట్టేశాడు. కన్నబిడ్డ తల మీద వేసిన ఒట్టు, ఒట్టి మాట కాదు.

మాఘమాసంలో ఆపరేషన్ అయింది. నిజం చెప్పొద్దూ, ఆ డాక్టరు చేతి చలవ గొప్పది. రెండు నెలలకే దానమ్మ కర్ర విసిరేసింది. ఆటో ఎవరూ చెయ్యి ఇవ్వకుండానే ఎక్కింది. కింద చతికిలబడకూడదన్నారని తులసి ఎత్తుపీట చేయించింది. నరసన్నపేట బజార్లో ఆ పీట మీద కూర్చుని, కుడికాలితో కత్తిపీట తొక్కిపట్టి, వంజరాలను ముక్కలు కోస్తుంటే తోటి బేరగత్తె గున్నమ్మ వచ్చి ఆ మోకాలిని తడిమి తడిమి చూసింది. "ఇనుప మోకాలు గదే, ఇంక నీకు సావు నేదు" అంది. దానమ్మ విరగబడి నవ్వింది. 

చుట్ట ఇమ్మని ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడిగితే కసురుకునేవాడేమో. ఊరికే గడప దగ్గర కూర్చుని, ఖాళీ నోట్లో నాలుక అటూ ఇటూ తిప్పుకునేది. తిండి సయించేది కాదు. చేపల పులుసు వండి, తాను మజ్జిగన్నం తినేది. "నోరు సచ్చిపోనాది మావా, ఏటి తిన్నా ఇసక తిన్నట్టున్నాది" అంది ఒకనాడు, ఫిర్యాదుగా కూడా కాదు, వాన వచ్చేలా ఉందన్నట్టు. మూడు నెలలు చూశాడు కూర్మయ్య. నాలుగో నెల పొగాకు తెచ్చాడు.

"ఒక్కటే. తులసికి తెలిసిందంటే నన్ను సంపేస్తాది."

దానమ్మ కళ్ళు మూసుకుని ఆ చుట్ట కాల్చింది. ఆ రాత్రి పులుసన్నం రెండోసారి వడ్డించుకుంది. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. అలవాటు ఇల్లు వదిలి పోదు, అరుగు మీద కూర్చుని పిలుపు కోసం చూస్తూ ఉంటుంది.

దసరా ముందు దానమ్మకు కుడివైపు దవడపన్ను సలపడం మొదలైంది. బుగ్గ పొంగింది. ఆమె నిప్పుకొసను ఆ పంటి వైపు జరుపుకుని, "ఏడి తగిల్తే నొప్పి సచ్చిపోతాది" అంది. పేటలో ఆడవాళ్ళందరి మందూ అదే, వాళ్ళ అమ్మలదీ అదే. నాలుగో రోజు చిగురు చితికి చీము పడింది. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేసింది. వాపు తీసింది. "పీడ పోనాది" అన్నాడు కూర్మయ్య. డాక్టరు మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినదాన్ని ఆయనే వెనక్కి నెట్టేశాడు. పంటి కోసం వెళితే నోరు తెరవమంటారు. నోరు తెరిస్తే పొగ బయటపడుతుంది.

పది రోజులకు వణుకుతో జ్వరం వచ్చింది. పొద్దున చూస్తే కుడి మోకాలు ఎర్రగా పొంగి, చెయ్యి వేస్తే కాలుతోంది. తులసి ఫోన్లో ఒకటే కంగారు.

"డాట్రు బాబుకి ఫోన్ సేసినాను అయ్యా. పన్ను గానీ, కురుపు గానీ, ఏటైనా అయినాదా అని అడగమన్నాడు. అయితే ఈ రోజే తీసుకొచ్చీమన్నాడు. సరిగ్గా సెప్పు."

కూర్మయ్య పెళ్ళాం వైపు చూశాడు. దానమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ఒట్టు తప్పానని చెప్పాలి. చెప్తే కూతురికి కోపం వస్తుందన్నది ఒక భయమైతే, తప్పిన ఒట్టు నోటితో ఒప్పుకుంటే ఆ పిల్ల తలకే తగులుతుందేమోనన్నది ఇంకో భయం. ఎన్నో తుఫాన్లలో వల వదలకుండా తెప్ప ఒడ్డుకు తెచ్చిన మనిషి, ఒక్క చిన్న మాట ఒడ్డుకు తేలేకపోయాడు.

"ఏటీ నేదమ్మా. గెడ్డ గట్టు కాడ కాలు జారినాది. బెణికినట్టున్నాది" అన్నాడు.

ఊళ్ళో సూదిమందు వేసే తిరుమలరావు వచ్చాడు. మాత్రలిచ్చాడు, సూది వేశాడు. జ్వరం దిగింది, వాపు సగం తీసింది. వారం తిరక్కుండా మళ్ళీ పొంగింది. మళ్ళీ సూది. తిరుమలరావు మంచివాడే పాపం, రెండుసార్లు చెప్పాడు. "మావా, ఇది నాతో అయ్యీది కాదు, కోసినాయన కాడికే తీసుకెల్లిపో" అన్నాడు. రేపంటే రేపని కూర్మయ్య వాయిదా వేశాడు. వాపు ఎలాగూ తీస్తుందని, తీస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదని ఆశ. అయిదు వారాలు గడిచిపోయాయి. కార్తీకంలో ఒక పొద్దున, ఆపరేషన్ కుట్టు మీద కందిగింజంత రంధ్రం పడి, అందులోంచి చీము కారుతోంది. చూడ్డానికి వచ్చిన తులసి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆటో పిలిచింది.

యుగంధర్ మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపాడు. మూడోనాడు ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. "పురుగు లోహం మీద చేరింది. చేరి ఊరుకోదు, తన చుట్టూ జిగురు కట్టుకుంటుంది. ఆ జిగురు కిందకి మందు దిగదు. మాత్ర వేస్తే పైపైన తిరిగేవి చస్తాయి, జ్వరం తగ్గుతుంది. మీరు నయమైందనుకుంటారు. కింద ఉన్నవి అలాగే ఉంటాయి."

కూర్మయ్యకు ఆ మాట ఇంకొకరు విడమరచి చెప్పనక్కర్లేదు. పడవ అడుగున పాచి పడుతుంది, పాచి మీద గుల్లలు కరుస్తాయి. వారానికోసారి గీకితే పోతాయి. నెలలు వదిలేస్తే ఉలితో కొట్టినా చెక్కతో సహా ఊడి వస్తాయి తప్ప వదలవు.

"వాపు వచ్చిన మూడు వారాల్లోపు తెచ్చుంటే తెరిచి కడిగి, కీలు నిలబెట్టడానికి చూసేవాణ్ణి. ఇప్పుడు కీలు తీసెయ్యడమే. తీసి, మందు కలిపిన సిమెంటు ముద్ద పెడతాను. ఆరు వారాలు నరానికి మందు ఎక్కించాలి. పురుగు చచ్చిందని తేలితే కొత్త కీలు పెడదాం." కాగితం తిరగేసి, తలెత్తాడు. "ఇది నోట్లో ఉండే రకం పురుగు. పన్ను ఏమన్నా బాధపెట్టిందా అమ్మా?"

కూర్మయ్య నోరు తెరిచాడు. ఆయనకంటే ముందు దానమ్మ అంది.

"నేదు బాబూ."

పళ్ళు చూసే డాక్టరు ఆ దవడపన్ను పట్టుకుని ఊపితేనే చేతిలోకి వచ్చింది. దానమ్మ మాత్రం ఎప్పుడూ నొప్పే లేదని బుకాయించింది. తులసి అమాయకంగా తల్లినే నమ్మి, తప్పంతా గెడ్డ గట్టు మీదకి, జారిన కాలి మీదకి, తన ఖర్మ మీదకి తోసేసుకుంది. నోరా వీపుకు తేకే అంటారు. ఈ ఇంట్లో నోరు మోకాలికి తెచ్చింది, ఒక్క నోరు కాదు, రెండు నోళ్ళూ కలిసి తెచ్చాయి.

కీలు తీసేశారు. దానమ్మ ఆరు వారాలు మంచం మీద, చేతికి సూదితో పడుకుంది. కాలు మడవడానికి లేదు, మోపడానికి లేదు. మందుకు ఏది తిన్నా వాంతి. మనిషి సగమైంది. కూర్మయ్య మంచం పక్కనే కింద చాప వేసుకుని ఉండిపోయాడు. మూత్రం డబ్బా పెట్టడం, ఒళ్ళు తుడవడం, తల దువ్వి ముడి వెయ్యడం అన్నీ నేర్చుకున్నాడు. ఆడవాళ్ళ వార్డులో ముసలాడు ఇంత బాగా చేస్తున్నాడని నర్సు రాజకుమారి అందరికీ చెప్పి మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు ఆయనకు ముల్లులా దిగేది.

కొత్త కీలు దాకా కథ రానే లేదు. మందు ఆపిన నెలకే మళ్ళీ చీము. మళ్ళీ తెరిచారు, కడిగారు, ముద్ద మార్చారు, ఇంకో మందు ఎక్కించారు. మళ్ళీ చీమే. ఈసారి మోకాలి మీద చర్మం నల్లబడి చిట్లిపోయింది. మాఘమాసం మళ్ళీ వచ్చి వెళ్ళిపోయింది.

ఒకనాడు మధ్యాహ్నం యుగంధర్ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిలబడి మాట్లాడే డాక్టరు కూర్చున్నాడంటేనే కూర్మయ్యకు సగం తెలిసిపోయింది.

"కొత్త కీలు ఇంక పెట్టలేనమ్మా. రెండే దారులు. ఒకటి, పైఎముకనీ కిందఎముకనీ కలిపి కడ్డీతో అతికించెయ్యడం. కాలు ఉంటుంది, కానీ కర్రలా నిటారుగానే ఉంటుంది. జన్మలో మడవలేరు. అయినా చీము మళ్ళీ రాదని నేను మాటివ్వలేను. రెండోది, తొడ దగ్గర తీసెయ్యడం. అది చేస్తే ప్రాణానికి భయం ఉండదు."

"కాలుండాల బాబూ" అన్నాడు కూర్మయ్య వెంటనే. "కర్రో గిర్రో, కాలుండాల."

"మీరు కాదు, ఆమె చెప్పాలి."

 దానమ్మ బేరానికి అడిగినట్టు అడిగింది. "ఆ కర్రకాలుతోటి ఆటోలో కూకోగల్నా బాబూ? మాది గంపల ఆటో. అయిదుగురం ముడుసుకుని కూకుంటాం."

"కష్టమమ్మా."

"ఎత్తుపీట మీద కూకుని, కత్తిపీట తొక్కి పట్టగల్నా?"

యుగంధర్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే తీసీండి. కత్తిపీట ఎడం కాలితో తొక్కుతాను."

తులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది.  ఈ వయసులో, ఈ నీరసంలో, తొడ దాకా పోయిన కాలితో ఆమె బజారుకు వెళ్ళేది కల్లని డాక్టరుకూ తెలుసు, కూర్మయ్యకూ తెలుసు. మెత్తటి ఇసుకలో చంక కర్ర ఎక్కడ నిలుస్తుంది? పీట మీద ఒక పక్కకి ఒరిగిపోకుండా ఎవరు పట్టుకుంటారు? తెలియంది ఒక్క దానమ్మకే, లేదా తెలిసీ ఆ మాట అనుకుంటేనే ఈ రోజు గడుస్తుందని అనుకుంటోంది.

డాక్టరు వెళ్ళాక కూర్మయ్య ఇక ఆగలేకపోయాడు. "తులసికి సెప్పేస్తానే. సుట్టలు నానే ఇచ్చినాను, పన్ను సంగతి నానే దాసినాను. సెప్పకపోతే ఈ గుండె పగిలిపోతాది" అంటూ లేచాడు.

దానమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఎండిపోయిన చేతిలో అంత పట్టు ఎక్కడ దాచుకుందో.

"కూకో. నువ్వు సెప్తే కాలు ఒస్తాదేటి? పిల్లకి అయ్య పోతాడు, అంతే. నాకు రేపు నీల్లు ఎవులిస్తారు, నువ్వే గదా. నిన్ను సూసినప్పుడల్లా అది మొకం తిప్పీసుకుంటే నాను సూడ్నేను. నోరు మూసుకుని ఉండు మావా."

"నువ్వేల నన్ను ఒక్క మాట అన్నావు కాదు? తిట్టే."

"నోట్లో నిప్పెట్టుకున్నది నానే గదా" అంది దానమ్మ, అటు తిరిగి.

తిట్టి ఉంటే బాగుండునని కూర్మయ్య ఏడ్చాడు. కూతురు లోపలికొచ్చి, అమ్మ కాలు కోసం ఏడుస్తున్నాడనుకుని తండ్రి తలను గుండెకు ఆనించుకుంది. "నువ్వేటి సేస్తావు అయ్యా, నీ సేతులో ఏటున్నాది" అని ఓదార్చింది. ఆ ఓదార్పు కింద ఆయన ఊపిరాడక కూర్చున్నాడు. ఇంక ఎప్పటికీ చెప్పలేడు. పాపం ఒప్పుకుని తేలికపడే దారి కూడా మూసుకుపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున రాజకుమారి కాగితాలతో వచ్చింది. కూర్మయ్య వేలిముద్ర వేశాడు. ఆమె మంచం చివరికెళ్ళి దుప్పటి తీసి, కుడికాలి మట్టె వైపు చూసింది.

"తాతా, ఇంతకుముందు ఆపరేషన్లకి మట్టెల మీద ప్లాస్టర్ చుట్టి వదిలేశాం. ఈసారి ఈ కాలిది తీసెయ్యాలి. నేను తియ్యనా?"

తులసి గోడ వైపు తిరిగిపోయింది. మట్టె తీసేది మొగుడు పోయినప్పుడు. అది పేటలో చంటిపిల్లకైనా తెలుసు. కూర్మయ్య కాళ్ళ దగ్గరికి జరిగి, "వద్దు తల్లీ, నాను తీస్తాను" అన్నాడు.

పాదం వాచి ఉంది. నలభై అయిదేళ్ళ వెండి వేలి కండలో దిగబడిపోయింది. సబ్బునీళ్ళు తెచ్చుకుని, వేలికి రాసి, మెల్లగా తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ దానమ్మ కళ్ళు మూసుకుంది. మట్టె జారి చేతిలోకి వచ్చేసింది. అది ఉన్న చోట చర్మం తెల్లగా, చంటిబిడ్డ ఒంటిలా మెత్తగా ఉంది.

"ఎడం కాలికి ఎట్టీ మావా" అంది దానమ్మ, కళ్ళు తెరవకుండానే. "రెండూ దానికే ఎట్టీ. ఒక్క మట్టెతో ఎల్తే లోపలున్నోలు ఏటనుకుంటారు? నువ్వు బతికే ఉన్నావు గదా."

బతికే ఉన్నాడు. ఆ మాట అంత బరువని ఆయనకు ఎప్పుడూ తెలియలేదు. ఎడంకాలి వేళ్ళలో ఒక్కొక్కదానికీ పెట్టి చూశాడు. ఒకదానికి ఎక్కలేదు, ఒకదానికి నిలవలేదు. ఆయనలా పెడుతూ తీస్తూ ఉండగానే బండి తోసేవాళ్ళు వచ్చారు. "కొంచెం ఆగండి బాబూ, కొంచెం ఆగండి" అంటూ కూర్మయ్య ఆ పాదం పట్టుకుని బండి వెంట నడిచాడు.